పుట్టింటి బలం

మొరసునాటి పంటా పాడీ – 9

గత భాగంలో చెరువులు, వాటి ఆయకట్టు గురించి చెప్పుకున్నాం. నీళ్ళున్నా, ఎరువున్నా, కాలం కలిసొచ్చినా పంటను ఇంటికి రానివ్వనిది ఇంకొకటి ఉంది. అది తెగులు. ఈసారి దాని చరిత్ర.

చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికి గాలి మారుతుంది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున్న ఈ మొరసునాటి మెట్టసీమ ఒకవైపు పుంగనూరు, మదనపల్లె దాకా, ఇంకోవైపు కుప్పం దాకా సాగి కోలారు నేలలో కలిసిపోతుంది. ఇక్కడి రైతును మీ పంటలేమిటని అడిగితే మూడు పేర్లు తడుముకోకుండా చెబుతాడు: రాగి, చెనిక్కాయ, టమోటా.

ఈ మూడింటిలో ఒక్కటీ ఇక్కడ పుట్టింది కాదు. రాగి తూర్పు ఆఫ్రికా కొండలది. మిగతా రెండూ దక్షిణ అమెరికావి. మెట్టినింట బాగానే కాపురం చేశాయి; రాగి అయితే వేల ఏళ్ళుగా ఈ ఇంటి మనిషే అయిపోయింది. కానీ పెద్ద తెగులు వచ్చిపడిన ప్రతిసారీ వీటిని ఆదుకునే బలం పుట్టింటి నుంచే రావలసి వచ్చింది. ఆ బలం విత్తనంలో ఎలా దాగి ఉంటుందో, దాన్ని ఎవరు వెతికారో, ఎంతకాలం పనిచేస్తుందో చూద్దాం.

గోదావరి తోటల్లో మొదటి పాఠం

తెలుగునాట ఈ కథ మెట్టలో కాదు, డెల్టాలో మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో గోదావరి చెరకు తోటలకు ఎర్రకుళ్ళు తెగులు పట్టింది. తెగులు సోకిన గడను నిలువునా చీలిస్తే తెల్లగా ఉండాల్సిన లోపలి భాగం ఎర్రబారి ఉంటుంది. ఆ ఎరుపు మధ్య అక్కడక్కడా అడ్డంగా తెల్లమచ్చలు కనిపిస్తాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కల్లు వాసన. ఆ రసం కాస్తే బెల్లం కట్టదు.

మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు సి.ఎ. బార్బర్ ఆ తోటలు తిరిగి చూశాడు. చెరకును గింజతో కాదు, ముచ్చెలతో నాటుతారు. అంటే ఊరంతా ఉన్న తోట ఒకే గడకు పిలకల వంటిది. ఒకదాన్ని చంపగలిగిన శిలీంధ్రం అన్నింటినీ చంపగలదు. పైగా రోగమున్న ముచ్చెతో పాటే రోగమూ కొత్త పొలానికి నడిచి వెళుతుంది. 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన క్షేత్రం పెట్టారు. రకరకాల చెరకులను పక్కపక్కనే నాటి ఏది పడిపోతుందో, ఏది నిలుస్తుందో చూడడమే అక్కడి మొదటి పని. మారిషస్ నుంచి వచ్చిన ఎర్ర చెరకు నిలిచింది. డెల్టా తోటలు మళ్ళీ లేచాయి.

నిలిచింది సరే, ఎందుకు నిలిచింది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే శాస్త్రం అప్పుడే కళ్ళు తెరుస్తోంది. బఠాణీ మొక్కల మీద గ్రెగర్ మెండెల్ 1866లో అచ్చువేసిన ఫలితాలను ప్రపంచం 1900లో మళ్ళీ కనుక్కుంది. 1905లో కేంబ్రిడ్జిలో రోలండ్ బిఫెన్ ఆ సూత్రాలను గోధుమ తుప్పు తెగులుకు అన్వయించి చూశాడు. తెగులుకు లొంగే గోధుమను, లొంగని గోధుమను సంకరం చేశాడు. మొదటి తరం మొక్కలన్నీ లొంగిపోయాయి. వాటి గింజలు వేస్తే రెండో తరంలో నాలుగో వంతు మొక్కలు శుభ్రంగా నిలబడ్డాయి. మొదటి తరంలో కనిపించకుండా పోయిన బలం మనవల్లో బయటపడింది.

దీని అర్థం చాలా పెద్దది. తెగులు తట్టుకోవడం నేల గొప్పతనమో, ఎరువు గొప్పతనమో, రైతు అదృష్టమో మాత్రమే కాదు. అది తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు లెక్క ప్రకారం దిగే ఆస్తి. ఎవరి దగ్గర ఆ ఆస్తి ఉందో వెతికి పట్టుకుంటే, దాన్ని మనకు కావలసిన మొక్కకు రాయించవచ్చు.

ఎవరి దగ్గర వెతకాలి? దానికీ జవాబు చెరకే చెప్పింది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం ఏర్పడింది. బార్బర్, ఆయన తర్వాత టి.ఎస్. వెంకట్రామన్ అక్కడ చెరకును దాని అడవి చుట్టంతో కలిపారు. ఆ చుట్టం మరెవరో కాదు, మన ఏటి ఒడ్డున తెల్లగా పూసే రెల్లు. తీపి లేదు, లావు లేదు. మొండితనం మాత్రం దండిగా ఉంది. 1918లో విడుదలైన కో-205 ఆ కలయిక బిడ్డ. సాగులో ఉన్న మొక్క తీపి కోసం, దిగుబడి కోసం తరతరాలుగా వదిలేసుకున్న మొండితనాన్ని సాగులో లేని బంధువు దాచి ఉంచుతుందని అప్పటికి తేలిపోయింది.

సంగటి ముద్ద వెనక

ఇక మన మెట్టకు వద్దాం. రాగికి ప్రధాన శత్రువు అగ్గి తెగులు. 1920లో తంజావూరు డెల్టాలో మెక్‌రే అనే శాస్త్రవేత్త దీన్ని మన దేశంలో మొదటిసారి నమోదు చేశాడు. వరికి వచ్చే అగ్గి తెగులుకు దగ్గరి చుట్టమే ఇది. నారులో ఉన్నప్పుడు ఆకు మీద నూలు కండె ఆకారంలో మచ్చలు వేస్తుంది. అంతవరకే అయితే పైరు కోలుకుంటుంది. అసలు దెబ్బ వెన్ను తీశాక. వెన్ను కింద మెడ చుట్టూ నల్లటి పట్టీ కట్టినట్టవుతుంది. ఆ పైకి పాలు ఎక్కవు. వేళ్ళు ముడుచుకుని, గింజ తాలుపోయి, వెన్ను వేలాడిపోతుంది. తుంపర వాన, రాత్రి మంచు, చల్లటి గాలి దీనికి బాగా నప్పుతాయి. మన సీమలో వానాకాలపు రాగి వెన్ను తీసే రోజుల్లో ఉండే వాతావరణం అదే.

కొన్ని రాగులు తట్టుకుంటాయని రైతులకు ఎప్పటినుంచో తెలుసు. తెల్ల రాగి కంటే ముదురు రంగు రాగి గట్టిదన్నది వాటిలో ఒకటి. తర్వాత ప్రయోగశాలలు దానికి ఒక కారణం చూపాయి. ముదురు రంగు గింజలో వగరునిచ్చే ఫినాల్, టానిన్ పదార్థాలు ఎక్కువ. శిలీంధ్రానికి అవి పడవు. సంగటికి ఆ రంగు తెచ్చే పదార్థాలకూ పైరును కాపాడే పదార్థాలకూ అలా బంధుత్వం ఉంది.

అయితే తట్టుకునే రాగిని ఎక్కువ పండే రాగితో కలపడం తేలిక కాదు. రాగి పువ్వు చాలా చిన్నది. అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందే విచ్చుకుంటుంది. విచ్చుకునే లోపే తన పుప్పొడి తనకే అంటుకుంటుంది. వందకు తొంభై తొమ్మిదికి పైగా పువ్వుల్లో ఇదే తంతు. గాలికీ తేనెటీగకూ అక్కడ పనిలేదు. అందుకే ఒక రైతు ఇంట్లో రాగి విత్తనం తరాలు మారినా అలాగే ఉంటుంది; పొరుగు పొలం రాగితో కలవదు. విత్తనం చెడకుండా ఉండడానికి ఇది మంచిదే. కొత్త బలం రావడానికి మాత్రం ఇదే అడ్డు.

కోయంబత్తూరులో చిరుధాన్యాల నిపుణుడు జి.ఎన్. రంగస్వామి అయ్యంగార్ 1930ల్లో దీనికొక ఉపాయం పాటించారు. పూయబోయే రెండు వెన్నులను ఒకదానికొకటి ఆనించి కట్టేయడం. వేల పువ్వుల్లో ఏ కొన్నింటికో పక్క వెన్ను పుప్పొడి తగులుతుంది. మరి ఆ కొద్ది గింజలను పోల్చుకోవడం ఎలా? తండ్రిగా ఊదారంగు కణుపులున్న మొక్కను, తల్లిగా పచ్చ కణుపుల మొక్కను ఎంచుకుంటారు. తల్లి వెన్ను గింజలన్నీ నారు పోస్తే, పచ్చటి నారులో ఎక్కడో ఒక మొక్క ఊదాగా కనిపిస్తుంది. అదే సంకరం. మిగతావన్నీ పీకేయడమే.

ఇలాంటి ఓపిక పనిని జీవితమంతా చేసినవాడు మండ్య వి.సి. ఫారంలో పనిచేసిన సి.హెచ్. లక్ష్మణయ్య. కన్నడ రైతులు ఆయన్ను రాగి లక్ష్మణయ్య అనే పిలుచుకున్నారు. మొదట దేశీ రాగులను ఒకదానితో ఒకటి కలిపి అరుణ, ఉదయ, పూర్ణ, కావేరి, శక్తి, అన్నపూర్ణ వంటి రకాలు తెచ్చాడు. దిగుబడి పెరిగి పెరిగి ఒకచోట ఆగింది. అప్పుడు ఆయన చూపు ఆఫ్రికా రాగుల మీద పడింది. లావు కాండం, బరువైన వెన్ను, ఆలస్యపు కోత వాటి గుణాలు. దేశీ రాగితో వాటిని కలపగా 1970ల నుంచి వరసగా వచ్చిన రకాలే ఇండాఫ్‌లు. పేరులోనే ఇండియా, ఆఫ్రికా కలిసి ఉన్నాయి. వేల ఏళ్ళ కిందట విడిపోయిన అక్కాచెల్లెళ్ళ పిల్లలు మండ్య మళ్ళల్లో మళ్ళీ కలిశారు.

ఇండాఫ్‌లు గాదెలు నింపాయి కాని అగ్గి తెగులు భయం పూర్తిగా తీరలేదు. దానికీ ఆఫ్రికా వైపే మళ్ళీ చూడవలసి వచ్చింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇండాఫ్-9ని ఐ.ఇ.-1012 అనే ఆఫ్రికా రాగితో కలిపి, ఆ సంతానాన్ని ఇండాఫ్-5తో మరోసారి కలిపారు. 1990ల చివర్లో విడుదలైన జి.పి.యు.-28 ఆ వంశానిదే. అగ్గి తెగులుకు గట్టిగా నిలిచే రకంగా అది పేరు తెచ్చుకుంది. మన వైపు తిరుపతి దగ్గరి పెరుమాళ్ళపల్లె పరిశోధన కేంద్రం నుంచి వకుళ, తిరుమల వంటి రాగి రకాలు వచ్చాయి.

ఇంకా ఎంత బలం ఎక్కడ దాగి ఉందో వెతికే పని ఆగలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ విత్తన నిధిలో వేల రాగులున్నాయి. అన్నింటినీ ప్రతి తెగులుకూ పరీక్షించడం సాధ్యం కాదు గనుక, మొత్తం వైవిధ్యాన్ని చూపగల 622 రకాలను ఒక గుంపుగా, అందులోంచి 80 రకాలను ఇంకా చిన్న గుంపుగా ఏరిపెట్టారు. అగ్గి తెగులు పరీక్షలు ఆ 80తో మొదలవుతాయి. రాగి అదృష్టవంతురాలు, దాని వంశం పెద్దది. మిగతా రెండు పంటలకు ఆ భాగ్యం లేదు.

చెనిక్కాయ ఇరుకు వంశం

బొలీవియా, అర్జెంటీనా దేశాలు కలిసే చోట రెండు అడవి జాతులు ఎప్పుడో ఒకసారి కలిశాయి. ఆ బిడ్డలో క్రోమోజోములు రెట్టింపయ్యాయి. ప్రపంచంలోని చెనిక్కాయలన్నీ ఆ సంఘటన సంతానమే. రెట్టింపైన సంఖ్య వల్ల అడవి బంధువులతో మళ్ళీ కలవడానికి దారి దాదాపు మూసుకుపోయింది. అంత ఇరుకు వంశంలోంచి వచ్చిన పంటను రాయలసీమ లక్షల ఎకరాల్లో, ఏవో రెండు మూడు రకాలతోనే పండించింది. దిండివనంలో 1940లో విడుదలైన టి.ఎం.వి.-2 అరవై ఏళ్ళ తర్వాతా మన పొలాల్లో రాజ్యమేలుతూనే ఉండింది.

దాని ఖరీదు 2000లో తెలిసొచ్చింది. అనంతపురం జిల్లాలో ఆ ఏడు కాండం కుళ్ళు వైరస్ దాదాపు 2.25 లక్షల హెక్టార్లను తాకింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే అన్నారు. గట్ల మీది వయ్యారిభామ పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని చెనిక్కాయ ఆకు మీదికి మోస్తాయి. ఆ వైరస్‌ను గట్టిగా ఎదిరించే రకం ఒక్కటీ రైతు చేతిలో లేకపోయింది.

తిక్క ఆకుమచ్చ, తుప్పు తెగుళ్ళ విషయంలో మాత్రం మూసుకున్న దారి ఒకసారి తెరుచుకుంది. బొలీవియాలో సేకరించిన అరాకిస్ కార్డెనాసీ అనే అడవి మొక్కను 1960ల్లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎంతో శ్రమపడి సాగు చెనిక్కాయతో కలిపారు. ఆ సంతానం ఇక్రిశాట్‌కు, అక్కడి నుంచి ధారవాడకు చేరి, జి.పి.బి.డి.-4 వంటి రకాలకు బలమైంది. 2021లో వచ్చిన ఒక అధ్యయనం ఆ ఒక్క అడవి మొక్క వారసత్వం దాదాపు ముప్పై దేశాల చెనిక్కాయల్లో ఉందని తేల్చింది. ఎక్కడి బొలీవియా గుట్ట, ఎక్కడి ధారవాడ!

టమోటా: కొంచెం గింజలు, పెద్ద తోటలు

టమోటా కథ ఇంకా విచిత్రం. ఆండీస్ కొండల పడమటి వాలుల్లో, పెరూ, ఈక్వడార్, చిలీ దేశాల్లో దీని అడవి బంధువులు కలుపుమొక్కల్లా పెరుగుతాయి. సాగుకు బాగా అలవాటు పడింది మెక్సికోలో. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు యూరప్‌కు పట్టుకెళ్ళారు. యూరప్ వాళ్ళ ఓడల్లో మన దేశానికి దిగింది. ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ గుప్పెడు గింజలే ముందుకు సాగాయి. ఇదీ తన పుప్పొడితో తానే కాయకట్టే మొక్క. ఫలితంగా అడవి జాతులన్నింటిలో ఉన్న వైవిధ్యంలో సాగు టమోటాకు దక్కింది 5 శాతం లోపేనని 1990లో ఒక అంచనా. అంగట్లో కనిపించే గుండ్రటి, కోలటి, ఎర్రటి, పసుపు కాయల తేడాలన్నీ ఆ చిటికెడు ఆస్తిలోంచి వచ్చినవే.

మన సీమ ఎత్తు టమోటాకు బాగా కలిసొచ్చింది. ఎండాకాలంలో మైదానాల్లో పూత రాలిపోయే వేళకు ఇక్కడ కాయ నిలుస్తుంది. అందుకే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చెన్నై నుంచి ఉత్తరాది దాకా లారీలకు మదనపల్లె మార్కెట్ దిక్కు. పలమనేరు, పుంగనూరు, వి.కోట మార్కెట్లు దానికి తోడు. 2023 జూలై చివర్లో మదనపల్లెలో మేలు రకం కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది. రోడ్డు పక్కన కాయలు పారబోసిన ఏళ్ళూ ఇక్కడి వాళ్ళు చూశారు. ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట తోట ఉంటుంది. మనిషికి అది వ్యాపారం. వైరస్‌కు మాత్రం పస్తు లేని పండగ.

ఆకుముడత వైరస్ వచ్చిన మొక్క దూరం నుంచే తెలిసిపోతుంది. చిగురాకులు చిన్నవై అంచులు పైకి ముడుచుకుంటాయి. ఈనెల మధ్య పసుపెక్కుతుంది. కణుపులు దగ్గరై మొక్క గుబురుగా కుదించుకుపోతుంది. పూత వచ్చినా నిలవదు. దీన్ని మోసేది తెల్లదోమ. మన దేశంలో ఈ రోగాన్ని వాసుదేవ, సామ్ రాజ్ అనే శాస్త్రవేత్తలు 1948లో నమోదు చేశారు. ఎప్పుడు సోకిందన్నదే ఇక్కడ ముఖ్యం. నాటిన 20 రోజుల్లోపే సోకితే దిగుబడిలో 92 శాతం పోతుందని, 50 రోజుల తర్వాత సోకితే నష్టం 29 శాతం దగ్గర ఆగుతుందని 1973లో శాస్త్రి, సింగ్‌ల అధ్యయనం లెక్క చూపింది. అంటే మొక్కను కాపాడాల్సింది మొదటి నెల్లోనే.

1999లో పొరుగునే ఉన్న కోలారు జిల్లాలో బి-జీవరకం అనే కొత్త తెల్లదోమ కనిపించింది. బయటి దేశాల నుంచి వచ్చిన ఈ దోమ వేగంగా పెరుగుతుంది, టమోటా మీద ఇంకా తేలిగ్గా బతుకుతుంది. రైతులు మందు మీద మందు కొట్టారు. దోమ ఆకు అడుగున ఉంటుంది. మందు పైన పడుతుంది. పది దోమల్లో ఒక్కటి మిగిలినా మొక్కకు వైరస్ ఎక్కించడానికి చాలు. కోలారుకూ మనకూ మధ్య ఉన్న గీత పటంలోదే. దోమకు అది కనబడదు.

విత్తనంలోంచి రావలసిన బలం సాగు టమోటా 5 శాతం ఆస్తిలో దొరకలేదు. అప్పుడు కొండ బంధువుల వంతు వచ్చింది. సోలానమ్ హాబ్రోకైటిస్ అనే అడవి టమోటా ఒళ్ళంతా నూగు, ఘాటైన వాసన. కాయ పచ్చగానే ఉంటుంది, ఎవరూ తినరు. హిసార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కల్లూ, బెనర్జీ దాన్ని సాగు టమోటాతో కలిపి, మళ్ళీ మళ్ళీ సాగు టమోటాతోనే సంకరం చేస్తూ హెచ్-24 అనే రకాన్ని నిలబెట్టారు. 1990లో వాళ్ళు ప్రకటించిన ఆ బలం వెనకున్న జన్యువుకు తర్వాత టై-2 అని పేరొచ్చింది. చిలీ ఎడారి అంచుల్లో పెరిగే సోలానమ్ చిలెన్సే నుంచి ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1994లో టై-1ను గుర్తించారు. ఆ జాతి నుంచే టై-3 కూడా వచ్చింది.

ఇలా తేవడంలో ఒక చిక్కుంది. జన్యువు ఒంటరిగా రాదు. దానికి అటూ ఇటూ ఉన్న అడవి క్రోమోజోము ముక్క వెంట వస్తుంది. టై-1 ఉండేది ఆరో క్రోమోజోము మీద. నులిపురుగుల నుంచి వేళ్ళను కాపాడే ఎం.ఐ. అనే జన్యువు కూడా ఆ పక్కనే ఉంటుంది. అది పెరూ అడవి టమోటా నుంచి 1940ల్లో వచ్చింది. అడవి ముక్క ఉన్నచోట క్రోమోజోములు ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకోవడానికి మొరాయిస్తాయి కాబట్టి, రెండు బలాలనూ ఒకే మొక్కకు ఇవ్వడానికి ప్రజననకారులు వేల మొక్కలు జల్లెడ పట్టవలసి వచ్చింది.

ఈ జన్యువులు లోపల చేసే పని కూడా ఇప్పుడు కొంత తెలుసు. టై-1, టై-3 వేరువేరు కావని, ఒకే జన్యువుకు రెండు రూపాలని 2013లో తేలింది. వైరస్ తనను తాను కాపీ చేసుకునే క్రమంలో వదిలే ఆర్.ఎన్.ఏ. పోగులను మొక్క పట్టుకుని, వాటికి జతపోగులు తయారుచేసి, ఆ జాడతోనే వైరస్ నోరు నొక్కేస్తుంది. ఆ జతపోగులు అల్లే ఎంజైమును టై-1 తయారుచేయిస్తుంది. వైరస్ చావదు, తలెత్తలేదు, అంతే. అందుకే తట్టుకునే మొక్కలోనూ కొద్దిగా వైరస్ ఉంటుంది. అందులోకి దోసకు వచ్చే మొజాయిక్ వంటి ఇంకో వైరస్ చేరితే కాపలా సడలుతుందని ప్రయోగాల్లో కనిపించింది.

కోలారు కష్టానికి మొదటి జవాబు బెంగళూరు నుంచే వచ్చింది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వి. మునియప్ప బృందం బ్రిటన్, తైవాన్ శాస్త్రవేత్తలతో కలిసి పనిచేసి 2003లో సంక్రాంతి, నంది, వైభవ్ అనే మూడు రకాలు విడుదల చేసింది. అవి హైబ్రిడ్లు కావు, రైతు గింజ తీసి దాచుకోగల రకాలు. తర్వాతి దశకంలో హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థలో ఎ.టి. సదాశివ రూపొందించిన అర్క రక్షక్ వచ్చింది. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్ అది. వీటి పక్కనే ప్రైవేటు కంపెనీల హైబ్రిడ్లు మార్కెట్‌ను నింపేశాయి.

ఇప్పుడు మన వైపు రైతు గింజ కొనడం కూడా తగ్గింది. షేడ్‌నెట్ కింద ట్రేలలో పెంచిన నారే కొంటాడు. అక్కడ జరిగే బేరం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

“అన్నా, ఈ నారు వైరస్సుకు తట్టుకుంటాదా?”

“కంపెనీవోళ్ళు తట్టుకుంటాదనే చెప్తా ఉండారు. మొన్న పోయిన నారంతా బాగుండాదంట.”

అంతకుమించి ఇద్దరికీ తెలియదు. ఆ నారులో ఉన్నది టై-1నా, టై-2నా, రెండూనా అన్నది ఎవరూ చెప్పరు. ఆ తేడా చిన్నది కాదు. టై-2 కొన్ని వైరస్ రకాలను బాగా ఆపింది, మరికొన్నింటి ముందు చేతులెత్తేసింది. టై-1, టై-3ల పరిధి ఇంకాస్త పెద్దది. ఒకే తాలూకా అంతటా ఒకే హైబ్రిడ్, దానిలో ఒకే జన్యువు ఉంటే, అది మళ్ళీ పాత గోదావరి చెరకు తోటే. గడకు బదులు ప్యాకెట్, అంతే తేడా.

బలానికి గడువు

ఇక్కడ అమెరికా శాస్త్రవేత్త హెరాల్డ్ ఫ్లోర్‌ను తలుచుకోవాలి. నార్త్ డకోటాలో అవిసె పైరు, దానికొచ్చే తుప్పు తెగులు మీద 1940ల్లో ఆయన చేసిన పని ఈ శాస్త్రానికి వెన్నెముక. మొక్కలో తెగులును ఆపే ప్రతి జన్యువుకూ ఎదురుగా తెగులులో ఒక జన్యువు ఉంటుందని ఆయన చూపాడు. మొక్క గుర్తుపట్టే ఆ ఒక్క ఆనవాలును తెగులు మార్చుకుంటే చాలు, నిన్నటి బలం ఇవాళ పనిచేయదు. ఎక్కువ విస్తీర్ణంలో ఒకే బలాన్ని పరిచేకొద్దీ, ఆ మార్పు వచ్చిన తెగులుకే విందు. కాబట్టి తెగులును తట్టుకునే రకం విడుదలైన రోజే దాని గడువు కూడా మొదలవుతుంది. గడువు పెంచే మార్గాలున్నాయి: రెండు మూడు జన్యువులు కలిపి ఇవ్వడం, ఒక ఊళ్ళో వేరువేరు రకాలు వేయడం, పాత తోటను పీకి తగలేసి కొత్త తోటకు మధ్య విరామం ఇవ్వడం. గడువు లేకుండా చేసే మార్గం మాత్రం ఇంతవరకూ దొరకలేదు.

అంటే పుట్టింటికి ఒక్కసారి వెళ్ళి వస్తే సరిపోదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ఆ దారి ఇప్పుడు మునుపటంత సులువు కాదు. 1992 రియో ఒడంబడిక తర్వాత ప్రతి దేశానికీ తన మొక్కల మీద తనకే హక్కు వచ్చింది. ఒకరి గింజతో ఇంకొకరు లాభపడిన చరిత్ర చూస్తే అది న్యాయమే. ఆహార పంటల గింజలను దేశాలు పంచుకోవడానికి 2001లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. భారత్ కూడా అందులో ఉంది. ఉమ్మడిగా పంచుకునే పంటల జాబితా ఒకటి అప్పుడు రాసుకున్నారు. మన మూడు పంటల్లో ఆ జాబితాలో ఉన్నది రాగి ఒక్కటే. చెనిక్కాయ లేదు, టమోటా లేదు. అంతర్జాతీయ కేంద్రాల్లో ఇదివరకే చేరిన గింజలు దొరుకుతాయి గాని, ఆండీస్ కొండల నుంచి కొత్తగా ఒక అడవి టమోటా తేవాలంటే ఆ దేశంతో విడిగా మాట్లాడుకోవాలి. వంశం ఇరుకైన రెండు పంటలకే పుట్టింటి తలుపు బరువుగా ఉంది.

మనం ఎప్పుడూ తీసుకునేవాళ్ళమేనా? కాదు. 1970ల్లో ఆసియా వరి పొలాలను గ్రాసీ స్టంట్ వైరస్ కుంగదీసినప్పుడు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరు వేలకు పైగా వరి నమూనాలు పరీక్షించింది. తట్టుకున్నది ఒక్కటే. అది ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒరైజా నివారా అనే అడవి వరి. ఆ తర్వాత ఆసియా అంతటా పండిన ఐ.ఆర్.-36కు కాపలా కాసింది మన గడ్డే. వంకాయకు మన ఉపఖండం పుట్టిల్లు లాంటిదే. దాని ముళ్ళ చుట్టాలు మన బీళ్ళలో, గట్ల మీద ఇంకా బతికే ఉన్నాయి.

పలమనేరు నర్సరీలో పదేళ్ళ తర్వాత కూడా వైరస్‌కు నిలిచే నారు ఉండాలంటే రెండు జరగాలి. పెరూ, చిలీ కొండవాలుల్లో ఆ కలుపుమొక్కలు మిగలాలి. వాటి గింజ ఇవ్వడానికి ఆ దేశాలు ఒప్పుకోవాలి. మొదటిది మన చేతిలో లేదు. రెండోది కొంత ఉంది. మన రాగి, మన వంకాయ, మన అడవి వరి గింజల కోసం రేపు ఎవరో తలుపు తడితే మనం ఏ షరతులతో, ఏ మర్యాదతో తీస్తామన్నదాన్ని బట్టే అవతలి తలుపూ తెరుచుకుంటుంది.

(వచ్చే భాగం: పుంగనూరు ఆవు. పొట్టి జాతి మంద ఎలా తరిగింది, పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాన్ని ఎలా నిలబెడుతోంది)